గడువు కోరువారి గ్యాసు ప్రేమ

గత మాసములో మన సంఘ కార్యాలయమునకు ఒక విజ్ఞాపన పత్రము చేరినది. నున్నని కాగితము, రెండు రంగుల అచ్చు, అడుగున సంతకములకై గళ్ళు. ఒక ప్రక్క తమిళము, రెండవ ప్రక్క తెలుగు. తెలుగును చూచి మా కార్యవర్గములోని పెద్దలు కొందరు సంతోషించిరి. సంతోషింపదగిన విషయమే. హోసూరు ప్రాంతములో తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్నను, ఒక దరఖాస్తు ఫారము తెలుగులో అచ్చొత్తింపుడని కచేరీల చుట్టు తిరిగి చెప్పులు అరుగదీసికొనుట మనకు అలవాటైనది. అడుగకుండగనే తెలుగులో కాగితము వచ్చినదన్నచో, ఎవరికో మనతో పెద్ద పనియే ఉండవలెను.

పత్రము వాహనములను అమ్ము వర్తకుల పక్షమున వచ్చినది. దాని సారాంశమిది. కార్ల విషయమై కేంద్రప్రభుత్వము తేనున్న కొత్త నిబంధనలు మిక్కిలి కఠినమైనవి. సహజవాయువుతో, అనగా మనమందరము గ్యాసు అని వాడుకగా చెప్పుకొను సి.ఎన్.జి.తో నడచు బండ్లు నిర్మలమైనవి గనుక వాటికి లెక్కలో విశేషమైన తగ్గింపు ఇవ్వవలెను. అమలుకు మరికొంత గడువు కావలెను. లేనిచో టాక్సీలు, ఆటోలు నడుపుకొను పేదలు వీధిన పడుదురు. మన సభ్యులలో అట్టి వృత్తివారు తక్కువ కాదు. కొందరు అప్పుడే సంతకములు చేసిరి. సంఘపు ముద్ర కూడ పడినచో బలము చేకూరునని కోరిరి. మేము ముద్ర వేయలేదు. నొచ్చుకొన్న సోదరులకు కారణము చెప్పవలసిన బాధ్యత మాకు కలదు గనుక ఈ వారము ఈ పుటను దీనికే వినియోగించుచున్నాము.

వాహన పరిశ్రమకు గ్యాసుపై ఈ ప్రేమ ఎప్పుడు పుట్టినది? పాతిక సంవత్సరముల క్రిందట లేదు. ఆనాటి కథ ఢిల్లీలో జరిగినది. మనకు దూరపు ఊరే అయినను ఆ కథ తెలియనిదే ఈ కాగితము అర్థము కాదు.

న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 1998 జూలై 28న ఒక ఆజ్ఞ ఇచ్చినది. 2001 మార్చి 31 నాటికి ఢిల్లీ నగరపు బస్సులన్నియు డీజిలు మాని గ్యాసుతో నడువవలెను. భూరేలాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము చేసిన సిఫారసులే ఆ ఆజ్ఞకు ఆధారము. గడువు రెండు సంవత్సరముల ఎనిమిది నెలలు. పెండ్లికి ముహూర్తము నిశ్చయమైన పిదప పందిరి వేయు మాట మరచి, ముహూర్తమే మంచిది కాదని చివరివరకు వాదించు పెద్దమనుష్యులను మనము చూచియున్నాము. ఢిల్లీలో జరిగినదియు అదియే. గ్యాసు చాలదని పెట్రోలియం శాఖ చెప్పినది. బస్సులు దొరకవని యజమానులు అనిరి. గంధకము తక్కువగానున్న డీజిలును కూడ నిర్మలమైన ఇంధనముగా ఎంచవలెనని వాదములు బయలుదేరినవి. 2001 మార్చి చివర కోర్టు షరతులతో కొంత వ్యవధి ఇచ్చినది. అది సెప్టెంబరుకు, సెప్టెంబరు మరుసటి జనవరికి జరిగినది.

ఆ డీజిలు వాదమును గూర్చి ఒక మాట చెప్పవలెను. ప్రభుత్వము పొగ పరిమితిని మాత్రమే నిర్ణయింపవలెను గాని ఏ ఇంధనము, ఏ యంత్రము అని శాసింపరాదని మషేల్కర్ సంఘము 2002 ఆరంభములో తన మధ్యంతర నివేదికలో తెలిపినది. పరిశ్రమ కోరిన మాటయు అదియే. వినుటకు ఇది న్యాయముగనే యున్నది. సిద్ధాంతముగా మేమును దానిని కాదనము. అయితే నాడు ఢిల్లీలో దొరకిన మేలురకపు డీజిలులో గంధకము పది లక్షల పాళ్ళకు 500. మసిని పట్టి నిలుపు వడపోత సాధనములు సరిగా పనిచేయుటకు అది 50కి లోబడియుండవలెను. 10 పాళ్ళ డీజిలు ఢిల్లీకి వచ్చినది 2018 ఏప్రిల్‌లో. అనగా గ్యాసుకు పోటీగా కోర్టులో నిలువబెట్టిన ‘నిర్మలమైన డీజిలు’ ఆ రోజున ఢిల్లీలోని ఏ బంకులోను లేదు. చూపినది ఒక ఇంధనము, పోయునది వేరొక ఇంధనము. 2002 ఏప్రిల్ 5న న్యాయమూర్తి కిర్పాల్ ఆధ్వర్యమున ఇచ్చిన తీర్పులో కోర్టు ఈ వాదమును త్రోసివేసినది. గ్యాసు కేటాయింపులో రవాణాకే మొదటి స్థానము ఇవ్వవలెనని కేంద్రమును ఆదేశించినది. ఇంకను తిరుగు డీజిలు బస్సుపై రోజుకు 500 రూపాయలు, నెల దాటిన పిదప 1000 రూపాయలు జరిమానా విధించినది. ఏమైనది? నాలుగేండ్లుగా అసాధ్యమనుచు వచ్చిన పని ఎనిమిది మాసములలో ముగిసినది. 2002 డిసెంబరుతో ఢిల్లీ నగర సర్వీసులలో డీజిలు బస్సు చరిత్రలో కలిసినది.

మధ్యలో బాధపడినవారు ఎవరు? గ్యాసు బంకుల ముందు రాత్రంతయు వరుసలో నిలిచి బండిలోనే నిద్రించిన ఆటో కార్మికులు, బస్సు లేక కాలినడకన పోయిన కూలీలు. బంకులు సకాలమున కట్టనందున ఏర్పడిన ఆ వరుసలనే చూపి, గ్యాసు పనికిరాదని మరల వాదించిరి. పేదవాని అవస్థ అటువంటి వాదములలో ఎల్లప్పుడును మొదటి సాక్షి. తీర్పు వచ్చిన పిదప ఆ సాక్షికి బత్తెము ఇచ్చినవారు మాత్రము కానరారు.

ఇక కథ మన ఊళ్ళకు వచ్చినది. 2002, 2003 సంవత్సరములలోని ఆజ్ఞలను పురస్కరించుకొని 16 నగరముల గాలిని బాగుచేయుటకు ప్రణాళికలు సిద్ధము చేయవలసివచ్చినది. ఆ జాబితాలో హైదరాబాదు ఉన్నది. చెన్నపట్టణము, బెంగుళూరు, ముంబయి, పూనా ఉన్నవి. మన పద్మశాలి సోదరులు మగ్గములు పెట్టి నిలబెట్టిన సోలాపురము కూడ ఉన్నది. చేనేత పట్టణమునకు ముంబయి, కలకత్తాల సరసన స్థానము ఇట్లు లభించుట గర్వింపదగిన సంగతి కాదు. 2019లో జాతీయ నిర్మలవాయు కార్యక్రమము ప్రారంభమైనప్పుడు గాలి ప్రమాణము తప్పిన ఊళ్ళ పట్టికలో సోలాపురము మరల కనబడినది. తెలుగువారు గనులలో పనిచేయు చంద్రపురము కూడ దాని ప్రక్కనే ఉన్నది.

ఈ నడుమ పరిశ్రమ, ప్రభుత్వము కలిసి ఒక విచిత్రమైన ఏర్పాటు చేసినవి. దేశములోని మనుష్యుల ఊపిరితిత్తులను రెండు తరగతులుగా విభజించినవి. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ నాలుగు అను ప్రమాణము 13 నగరములకు మాత్రమే వర్తించినది. తక్కిన దేశమునకు మూడవ స్టేజియే చాలుననిరి. బెంగుళూరు మొదటి తరగతి. అచ్చటికి 40 కిలోమీటర్ల దూరములోనున్న మన హోసూరు రెండవ తరగతి. బళ్ళారి, బరంపురము, యానాము అన్నియు రెండవ తరగతియే. బెంగుళూరు బంకులో డీజిలు గంధకము 50 పాళ్ళు. అత్తిబెలె దాటి ఇవతలకు వచ్చినచో 350 పాళ్ళు. గాలికి సరిహద్దు ఠాణా లేదు గనుక ఆ పొగ బెంగుళూరునకును పోయినది. ఊరూరు తిరుగు లారీకి ఏ ఊరిలో ఏ డీజిలు దొరకునో తెలియదు గనుక లారీలను పాత స్టేజిలోనే ఉంచిరి. మిక్కిలి పొగ వదలునవి లారీలు, వాటికే మిక్కిలి వ్యవధి! భారీ వాహనములు, ద్విచక్ర వాహనములు తయారగు కర్మాగారములు మన ఊరిలోనే ఉండగా మనకు రెండవ తరగతి గాలి దక్కినది. పాలు పిదుకువాని పిల్లకు మజ్జిగ అన్నట్లు. ఈ భేదము దేశమంతట తొలగుటకు 2017 ఏప్రిల్ రావలసివచ్చినది. డీజిలు పొగ క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012లోనే నిర్ధారించినదని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

2017 ఏప్రిల్ 1 అను తేదీ కంపెనీలకు ఏండ్ల ముందే తెలియును. అయినను ఆ తేదీ సమీపించునప్పటికి పాత స్టేజి బండ్లు 8.24 లక్షలు అమ్ముడుకాక నిలిచియున్నవి. అందు 6.71 లక్షలు ద్విచక్ర వాహనములు. నిబంధన తయారీని మాత్రమే నిషేధించినది గాని అమ్మకమును కాదని వారి న్యాయవాదులు వాదించిరి. ఎంత సూక్ష్మమైన తర్కము! మార్చి 29న కోర్టు ఏప్రిల్ 1 నుండి ఆ అమ్మకమును నిషేధించినది. మిగిలిన రెండు దినములలో అంగళ్ళ ముందు తిరునాళ్ళు జరిగినవి. ధరలు వేలకు వేలు తగ్గినవి. అంతకు ముందు వారము వరకు ధర తగ్గించుటకు వీలు లేనివారికి ఆ రెండు రోజులలో ఆ వీలు ఎక్కడినుండి వచ్చినదో మన పాఠకులలో ఆ బండ్లను కొన్నవారికి బాగుగా తెలియును.

ఆరవ స్టేజి వచ్చునప్పుడును ఇదే పాట. దేశమంతట 2020 ఏప్రిల్ 1 నుండి అమలు జరుగునని 2016లోనే ప్రభుత్వము ప్రకటించినది. ముందుగా తయారైన పాత బండ్లను జూన్ చివరి వరకు, పెద్ద బండ్లను సెప్టెంబరు చివరి వరకు రిజిస్టరు చేయవచ్చునని ఒక వెసులుబాటు నిబంధనలలోనికి మెల్లగా ప్రవేశించినది. 2018 అక్టోబరు 24న కోర్టు దానిని కూడ కాదన్నది. తేదీ తేదీయే అన్నది. అనుకున్న రోజుననే కొత్త బండ్లు వచ్చినవి. డీజిలు కారు కిలోమీటరుకు వదలదగిన నత్రజని ఆక్సైడుల పరిమితి 250 మిల్లీగ్రాముల నుండి 80కి దిగినది. మసి పరిమితి 25 నుండి 4.5కి దిగినది. ఇంత పెద్ద మార్పునకు అయిదవ స్టేజిని దాటి ఒక్క గంతు వేయుట అసాధ్యమని చెప్పినవారే, మరునాటినుండి తమ బండ్లు ఎంత నిర్మలమైనవో పత్రికలలో ప్రకటనలు వేసికొనిరి. మేము అబద్ధమాడుచున్నామని ఎవరైన అనదలచినచో 2020 నాటి పత్రికలను తిరుగవేసి చూడవచ్చును.

ఇప్పుడు మన చేతికి వచ్చిన కాగితమునకు వత్తుము. ఇందలి నిబంధన పొగను గూర్చినది కాదు. భూమిని వేడెక్కించు బొగ్గుపులుసు వాయువును గూర్చినది. ఒక కంపెనీ సంవత్సరములో అమ్మిన కార్లన్నింటి సగటు తీసి, ఆ సగటు ఒక పరిమితికి మించరాదని శాసనము. 2017 నుండి మొదటి విడత, 2022 నుండి రెండవ విడత అమలైనవి. 2027 ఏప్రిల్‌లో ఆరంభము కావలసిన మూడవ విడతకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అను కేంద్ర సంస్థ 2025 సెప్టెంబరులో ఒక ముసాయిదాను ప్రకటించినది. 909 కిలోలకు మించని చిన్న పెట్రోలు కార్లకు అందు కొంత సడలింపు ప్రతిపాదించిరి. దానిపై కంపెనీలలో కంపెనీలకే తగవు వచ్చినది. చిన్న కార్లు అమ్మువారు కావలెననిరి, తక్కినవారు వలదనిరి. పేదల పక్షమున మాటలాడువారు తమలో తాము ఇంతగా కలహించుట మేము వేరెక్కడను చూడలేదు. గ్యాసు బండ్లకు కూడ లెక్కలో తగ్గింపు ఆ ముసాయిదాలో ఉన్నది. విజ్ఞాపన పత్రము కోరుచున్నది ఆ తగ్గింపు ఇంకను పెరుగవలెనని.

గ్యాసు కారు పెట్రోలు కారుకంటె తక్కువ బొగ్గుపులుసు వాయువును వదలుట నిజమే. కాని ఆ మేలు కొలతలోనే కనబడునుగదా! తూకములో తేలికగా తూగిన బస్తాపై మరల తరుగు తీయుమనుట ఏ అంగడి న్యాయము? గ్యాసులో బయోగ్యాసు కలియును గనుక అని ఒక సమాధానము కలదు. గృహములకు, వాహనములకు ఇచ్చు గ్యాసులో అట్లు కలుపవలసిన పాలు 2025-26లో నూటికి 1, 2028-29 నాటికి నూటికి 5. కలిపినంత మేరకు లెక్కవేసికొనుట ధర్మము. కలుపబోవుదానిని కలిపినట్లు నేడే వ్రాసికొనుట వేరు సంగతి.

ఇందు ముఖ్యమైన కీలకము ‘సగటు’ అను మాటలో ఉన్నది. టాక్సీవాని గ్యాసు కారుకు ఇచ్చిన తగ్గింపు టాక్సీవాని జేబులో పడదు. కంపెనీ ఖాతాలో పడును. ఆ ఖాతాలో మిగిలిన చోటును కంపెనీ ఎవరికి వాడును? రెండు టన్నుల బరువుతో వీధి నిండుగా వచ్చు పెద్ద కార్లను కొనువారికి. పేదవాని పేరున వ్రాసిన రేషను కార్డుపై జమీందారు చక్కెర తీసికొనుట వంటిదిది. మన సోదరులు చేసిన సంతకము ఆ పనికి ఉపకరించును. కారు ధర తగ్గునని గాని, గ్యాసు ధర పెరుగదని గాని ఆ పత్రములో ఒక్క వాక్యమైనను లేదు. మేము రెండు పర్యాయములు వెదకితిమి.

గ్యాసు నిర్మలమన్న మాటను కూడ కొంత పరిశీలింపవలెను. డీజిలు మసితో పోల్చినచో అది మేలే. ఢిల్లీ తీర్పును మేము నేటికిని సమర్థింతుము. కాని 2024లో వెలువడిన ఒక పరిశోధనలో ఢిల్లీ, గురుగ్రామముల వీధులలో పోవు లక్షకు పైగా వాహనముల పొగను దూరమునుండి పరికరములతో కొలిచిరి. గ్యాసుతో నడచు కొన్ని తేలికపాటి సరుకుల బండ్లు ప్రయోగశాల పరిమితికి 14 రెట్లు నత్రజని ఆక్సైడులను వదలుచున్నట్లు తేలినది. ప్రయోగశాలలో ఒక నడత, వీధిలో ఒక నడత. ఇక గొట్టములలోను, యంత్రములలోను జారిపోవు మీథేను ఇరువది సంవత్సరముల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 80 రెట్లు వేడి పుట్టించును. కార్ల సగటు లెక్కలో దానికి పద్దు లేదు.

ఆ గ్యాసు కొంత మన గోదావరి డెల్టాలోనిదే. యానాము సోదరులకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. వారి ఊరి ప్రక్కనున్న గాడిమొగ వద్ద సముద్రగర్భపు వాయువు 2009 ఏప్రిల్‌లో ఒడ్డు చేరినది. అచ్చటనుండి సుమారు 1400 కిలోమీటర్ల గొట్టములో తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రములగుండ గుజరాతుకు పోయినది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరము గ్రామములో వేరొక గ్యాసు గొట్టము పగిలి మంటలు లేచి ఇరువదిమందికి పైగా చనిపోయిరి. అంత మూల్యము చెల్లించిన వాయువును ‘నిర్మలము’ అని ఒక్క మాటలో అచ్చువేసి, దాని చాటున పెద్ద కార్లను దాచుట మాకు సమ్మతము కాదు.

నాడు గ్యాసు ఆజ్ఞయై వచ్చినప్పుడు డీజిలును అడ్డము పెట్టిరి. నేడు అంతకు మించిన ఆజ్ఞ వచ్చుచుండగా గ్యాసును అడ్డము పెట్టుచున్నారు. వారికి గ్యాసుపై ద్వేషము నాడు లేదు, ప్రేమ నేడు లేదు. వారికి అక్కరలేనిది తేదీ. ఈ విషయములో మనకు కొంత అనుభవము కలదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగములో 350-ఏ అధికరణము 1956లో చేరినది. ‘వచ్చు సంవత్సరము చూతము’ అను మాట ఎంత దూరము సాగగలదో మనకంటె బాగుగా ఎరిగినవారు ఎవరు?

ఆటో, టాక్సీ సోదరుల కష్టము మేము ఎరుగనిది కాదు. వారి అప్పు నిజము, వాయిదా నిజము, గ్యాసు బంకు ముందు గడచు గంటలు నిజము. వానికై విజ్ఞాపన వ్రాయదలచినచో ఇట్లు వ్రాయవలెను. బంకులు పెంచుడు. పాత బండి మార్చుకొను చిన్న యజమానికి తక్కువ వడ్డీకి అప్పు ఇప్పింపుడు. బండి కొన్న అయిదేండ్ల వరకు పొగ పరిమితి తప్పినచో బాగుచేయు ఖర్చు తయారీదారుడే భరింపవలెనని శాసింపుడు. వీధిలో కొలిచిన పొగనే లెక్కకు తీసికొనుడు. ఈ నాలుగు కోర్కెలతో తెలుగులోను, తమిళములోను ఒక పత్రమును సిద్ధము చేయించితిమి. అచ్చు ఒక రంగే. మొదటి గడిలో సంఘపు ముద్ర పడినది. వచ్చు ఆదివారము సాయంకాలము కార్యాలయములో సంతకములకు ఉంచబడును. మొదటి పత్రముపై సంతకము చేసిన సోదరులును దీనిపై చేయవచ్చును, అభ్యంతరము లేదు.

వర్తకుల పత్రమును వారికే తిరుగు టపాలో పంపితిమి. తెలుగు ప్రక్కన మూడు అచ్చుతప్పులు ఉండగా దిద్ది పంపితిమి.